నా ఫోన్ నెంబరు మీ వ్యాపార రహస్యమట!

మహారాజశ్రీ బ్రోకరేజీ సంస్థ వారి దివ్యసముఖానికి,

11 ఏళ్లుగా తమ చల్లని నీడలో ఉన్న కస్టమరు నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. అక్కడ తమరు బాగున్నారని, మూడు నెలలకోసారి మా ఖాతాలోంచి తమరు కోసుకునే ఫీజు చూస్తే తెలుస్తూనే ఉంది.

నిన్న సగం రోజు సెలవు పెట్టాను. ఒంటిగంటకి మీ కస్టమర్ సర్వీసుకి ఫోన్ చేసి, మూడూ నలభైకి పెట్టేశాను. మధ్యలో నలుగురు మనుషులు, ఒక మెషీను, మొదలే తప్ప చివర లేని ఆ పియానో ముక్క, "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అనే మంత్రం ఓ ముప్ఫైసార్లు. చివరికి తేలిందేమిటయ్యా అంటే, మా ఖాతాని వేరేచోటికి మార్చమని వచ్చిన కాగితాన్ని మీరు తిప్పి పంపేశారు. ఎందుకూ? పేరు కలవలేదట. నా పేరు! ఆ సంగతికి తర్వాత వస్తాను, దానికి ముందు మీకు గుర్తుచేయాల్సిన మర్యాదలు చాలా ఉన్నాయి.

మెమోరియల్ డేకి (ఇక్కడ అమెరికాలో మే నెల చివరి సోమవారం సెలవు) ముందు శుక్రవారం సాయంత్రం, మీ దగ్గర మా పెట్టుబడులు చూసే మా అడ్వైజర్ గారు మీకు రాజీనామా ఇచ్చారు. (ఈ అడ్వైజర్లు చాలామంది లాంగ్ వీకెండ్ ముందు శుక్రవారమే ఎందుకు మానేస్తారో ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. మీ లాయర్లు తేరుకునేలోపు మూడు రోజులు కలిసొస్తాయి.) మాకా సంగతి తెలియదు. మంగళవారం పొద్దున మీ ఆఫీసు నుంచి ఓ కుర్రాడు ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గించి, ఎంతో నెమ్మదిగా, "హీ ఈజ్ నో లాంగర్ విత్ అస్" అన్నాడు. మా ఆవిడ స్పీకర్‌లో వింటోంది. ఫలానా ఆయన ఇక మన మధ్య లేరు అంటే మన భాషలో అర్థం ఒక్కటే కదా. "అయ్యో, ఎప్పుడు? ఎలా జరిగింది?" అని పాపం సోఫాలో కూలబడిపోయింది. మొన్న ఏప్రిల్‌లో పన్నుల కాగితాలప్పుడు మాట్లాడాం, నిక్షేపంలా ఉన్నారు కదా అని నేను. దానికి ఆ కుర్రాడు, "వివరాలు చెప్పే అనుమతి నాకు లేదండీ" అన్నాడు. ఇంకేం, ఏదో పోలీసు కేసు కూడా ఉన్నట్టుంది అనుకున్నాం. మరో రెండు నిమిషాలు ఆగితే మా ఆవిడ తలస్నానానికి లేచేదే. అప్పుడు అతని గొంతు ఉన్నట్టుండి విప్పారి, "ఇకనుంచి మీ ఖాతా నేనే చూసుకుంటాను, ఈ వారం కాఫీకి కలుద్దామా?" అంది.

తమబోటి పెద్ద సంస్థలకి వైర్‌హౌస్ అని పేరట, ఒకప్పుడు బ్రాంచిలన్నిటినీ టెలిగ్రాఫ్ తీగలతో కలిపి నడిపినందుకు. మా చిన్నప్పుడు ఊళ్లో టెలిగ్రామ్ వచ్చిందంటే విప్పి చదవకముందే ఏడుపులు మొదలయ్యేవి. పేరు నిలబెట్టుకున్నారు.

ఆ తర్వాత ఇదే రంగంలో పనిచేసే స్నేహితుడొకడు మీ లోపలి భాగవతం చెప్పాడు. ఒక బ్రోకరు, అంటే మా అడ్వైజర్ లాంటి మనిషి, మానేసిన గంటల్లోనే బ్రాంచి మేనేజరు ఆయన ఖాతాల జాబితా ముందేసుకుని, మిగిలిన బ్రోకర్లకి పంచేస్తాడట. వాళ్లు వీకెండంతా కూర్చుని ఫోన్లు చేస్తారట. పల్లెటూళ్లో ఎంత ఆశపోతు అన్నదమ్ములైనా పెద్దకర్మ అయ్యేదాకా పొలం మాట ఎత్తరు కదండీ! ఇక్కడ మనిషి బతికుండగానే పంపకాలు. పైగా మాకు మంగళవారం దాకా ఫోన్ రాలేదంటే, మేం నీళ్లు పారే చెక్క కాదని, ముళ్లకంపలున్న ఏదో మూల తుంటనీ అర్థమైపోయింది.

అయినా ఆరోజు మధ్యాహ్నంలోపు నాలుగు ఫోన్లు. 11 ఏళ్లలో ఆ ఒక్క మనిషి తప్ప మీ భవనంలోంచి ఎవ్వరూ మాకు ఫోన్ చేసిన పాపాన పోలేదు. నాలుగో ఆయన ఏకంగా ఫీజు తగ్గిస్తానన్నాడు, 1.1 శాతం నుంచి 0.75కి. సంతోషం. అంటే తగ్గించే వీలు ఇన్నాళ్లూ ఉంది, నేను కదిలితే గానీ మీకు గుర్తు రాలేదు. ఊరికే పడున్న డబ్బుకి మీరిచ్చిన 0.05 శాతం వడ్డీ కూడా ఇదే ఊపులో గుర్తొస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు.

సరే, మా అడ్వైజర్ ఎక్కడున్నారు? నలుగురినీ అడిగాను. ఒకాయన విననట్టు నటించాడు, ఇంకొకాయన "మార్కెట్లో ఒడుదొడుకులు ఉన్న ఈ సమయంలో" అని ఇంకేదో మొదలుపెట్టాడు. చివరికి బ్రాంచికే ఫోన్ చేస్తే, ఎన్నో ఏళ్లుగా ముందు బల్ల దగ్గర కూర్చునే ఆవిడ ఎత్తింది. ఆవిడా మొదట ఆ "నో లాంగర్" పాఠమే అప్పజెప్పింది. తర్వాత ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "సార్, బ్రోకర్‌చెక్ అని అందరూ చూసుకోగలిగే వెబ్‌సైటు ఒకటుంది, నేనేమీ చెప్పలేదు" అని పెట్టేసింది. మీ సంస్థ మొత్తంలో నాకు గౌరవం మిగిలింది ఆవిడ మీదే. ఆవిడ పని చేస్తోంది కదా అని మీ మీద కూడా ఓ అరచెంచాడు అభిమానం ఉంచుకున్నాను, ఆవిడ కూడా మానేసేదాకా.

వెబ్‌సైటు తెరిచి పేరు కొడితే ఐదు నిమిషాల్లో మనిషి దొరికారు. బతికే ఉన్నారు. సొంతంగా సలహా సంస్థ పెట్టుకున్నారు. ఫోన్ చేసి, "ఏమండీ, ఇన్నేళ్ల పరిచయం, ఒక్క మాట చెప్పకుండా వెళ్లిపోయారే" అని నిష్ఠూరమాడాను. చెబితే కోర్టుకి ఈడుస్తారన్నారు. మానకముందు చెబితే ఒక తప్పు, మానేశాక తనంతట తాను పిలిస్తే ఇంకో తప్పు. పిలవాలన్నా నా నెంబరు ఆయన దగ్గర ఉండకూడదు. ఎందుకంటే నా ఫోన్ నెంబరు తమరి వ్యాపార రహస్యం.

ఇది విన్నప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

2004లో మెరిల్ లించ్, స్మిత్ బార్నీ, యూబీఎస్ అనే మూడు పెద్ద బ్రోకరేజీలు కలిసి బ్రోకర్ ప్రోటోకాల్ అని ఒక ఒప్పందం రాసుకున్నాయట. ఒకరి బ్రోకర్లని ఒకరు లాక్కోవడం, మళ్లీ ఒకరి మీద ఒకరు దావాలు వేసుకుని లాయర్లని మేపడం, ఇదంతా చూసి చూసి విసుగెత్తి. ఆ ఒప్పందం ప్రకారం వెళ్లిపోయే బ్రోకరు ఐదంటే ఐదు విషయాలు పట్టుకుపోవచ్చు. క్లయింటు పేరు, అడ్రసు, ఫోన్ నెంబరు, ఈమెయిలు, ఖాతా ఏ పేరు మీద ఉందో అది. ధర్మరాజు అడిగిన ఐదూళ్లలాగా ఐదు. ఆ తర్వాత వందల సంస్థలు అందులో చేరాయి, 2017 చివర్లో పెద్దవాళ్లే ఇద్దరు బయటికి నడిచారు. ఎవరున్నారో ఎవరు లేరో నాకెందుకు గానీ, తమరు మాత్రం ఇప్పుడు అందులో లేరట. ఐదూళ్లు కాదు కదా, సూదిమొన మోపినంత కూడా ఇవ్వనన్నారన్నమాట. ఆ మాట అన్న ఆయన చివరికి ఏ మడుగులో దాక్కున్నాడో గుర్తుందా?

కొంచెం ఆలోచించండి. నా ఫోన్ నెంబరు. డ్రై క్లీనింగ్ వాడి దగ్గరుంది. పిజ్జా కొట్టులో ఉంది. పిల్లల స్కూలు ఫారాల్లో, పైకప్పు బాగుచేయడానికి వచ్చి మళ్లీ కనిపించని మనిషి దగ్గర, ఉగాది టికెట్లు అమ్మిన కమిటీలో అందరి దగ్గరా, ఎవరి పెళ్లి కోసం పెట్టారో ఎవరికీ గుర్తులేని 200 మంది వాట్సాప్ గ్రూపులో కూడా ఉంది. మీ కారు వారంటీ అయిపోతోంది అని వారానికోసారి పిలిచే ఆ మెషీనుకి కూడా తెలిసిన నెంబరు, మా పిల్లల కాలేజీ డబ్బు సంగతి 11 ఏళ్లు చూసిన మనిషికి తెలియకూడదట. తెలిస్తే దొంగతనమట. ఆ నెంబరు నాది, నెలనెలా బిల్లు కట్టేది నేను, మీరేమైనా కనిపెట్టారా దాన్ని? ఫార్ములానా? పోనీ అంత రహస్యమైనది, మీరైనా ఎప్పుడైనా వాడారా? ఒక్కసారి, 11 ఏళ్లలో ఒక్కసారి?

రూల్సు లేవా అంటే ఉన్నాయి. ఉద్యోగి మారినప్పుడు కస్టమరు తన ఖాతా మార్చుకోబోతే అడ్డం పడకూడదని, మీ బ్రోకరేజీల మీద అజమాయిషీ చేసే ఫిన్రా అనే నియంత్రణ సంస్థది 2140 నంబరు రూలు ఉంది. బ్రోకరు వెళ్లిపోయాక కస్టమరు అడిగితే తెలిసినంత మేరకు, ఆలస్యం లేకుండా, పూర్తిగా జవాబు చెప్పాలని 2019 ఏప్రిల్‌లో అదే ఫిన్రా నోటీసు కూడా ఇచ్చింది. మీ కుర్రాడికి ఆ కాగితం ఎవరూ చూపించినట్టు లేదు, చూపించి మడిచి పెట్టుకోమన్నారో మరి. మనిషి చచ్చిపోయాడనుకునేలా మాట్లాడమని మాత్రం శిక్షణ ఇచ్చి ఉంటారు. సిగ్గుగా లేదా?

క్షమించాలి. మర్యాద తప్పాను. తమరు పెద్దలు.

వెళ్లిపోయిన ఆయనేదో మహాత్ముడని కూడా నేననడం లేదు. మీ దగ్గరున్నప్పుడు మీ సొంత ఫండుని "మన బ్రాండు" అని నా చేత కొనిపించింది ఈయనే. ఇప్పుడు బోధివృక్షం కింద నుంచి లేచొచ్చినట్టు, పెద్ద సంస్థల్లో సలహాకి, అమ్మకానికి తేడా ఉండదండీ, నేనిప్పుడు 1940 నాటి పెట్టుబడి సలహాదారుల చట్టం కింద ఫిడ్యూషరీని, అంటే మీ మేలే నాకు ముఖ్యం అంటున్నారు. మరి నిన్నటిదాకా? మీ దగ్గర ఆయన సంపాదించిన ప్రతి డాలరులో నలభై, నలభై అయిదు సెంట్లు చేతికొస్తే మిగతాది మీకు పోయేదట, ఇప్పుడు ఆఫీసు ఖర్చులు పోగా అంతా ఆయనదే. నా మీద ఫీజు మాత్రం 1 శాతం. దేవుడు మారాడు గానీ హుండీ అలాగే ఉంది. ఈ ముక్క ఆయన మొహం మీదే అన్నాను, నవ్వారు, తగ్గించలేదు. అయినా వెళ్తున్నాను. ఎందుకంటే మా నాన్నగారు పోయినప్పుడు, డబ్బు గురించి ఒక్క మాట లేకుండా అరగంట మాట్లాడింది ఆయన. మీ నుంచి వచ్చింది బీరకాయల్లాంటి బొమ్మ గ్రాఫులున్న మామూలు త్రైమాసిక స్టేట్‌మెంటు.

ఆ మన బ్రాండు ఫండు కూడా నాతో రాదట. మీ సొంత సరుకు మీ గడప దాటదు. అమ్మేసి, లాభం మీద పన్ను కట్టి వెళ్లాలి. వెళ్తున్నందుకు 95 డాలర్లు అదనం. చిల్లర పెట్టుకోండి.

ఇక పేరు. 11 ఏళ్ల కింద ఖాతా తెరిచినప్పుడు మీ వాళ్లెవరో నా ఇంటిపేరు పొడుగ్గా ఉందని రెండు ముక్కలు చేశారు. ఒక ముక్క ముందు, ఒక ముక్క మధ్యలో, అసలు పేరు చివర, అదీ ఒక అక్షరం తక్కువ. అప్పటి నుంచి మీ ఉత్తరాలన్నీ మా ఇంటిపేరులో సగానికి వస్తున్నాయి, "ప్రియమైన సగం గారికి" అని. మూడుసార్లు చెప్పాను. సిస్టమ్‌లో మార్చడం కష్టం, దాంతో ఇబ్బందేమీ ఉండదు లెండి అన్నారు. ఇప్పుడు కొత్తచోట నా పాస్‌పోర్టులో ఉన్న పేరుతో ఫారం నింపి పంపితే, మీ రికార్డుతో కలవలేదని తిప్పి పంపారు. వచ్చిన ఫారాన్ని ఒప్పుకుంటారో, అభ్యంతరం చెబుతారో ఒక్క పనిదినంలో తేల్చాలట, ఒప్పుకుంటే ఇంకో మూడు పనిదినాల్లో ఖాతా పంపేయాలట, అదీ రూలు. అభ్యంతరం చెప్పడానికి ఆ ఒక్క రోజూ మీకు బ్రహ్మాండంగా సరిపోయింది. పేరు దిద్దడానికి 11 ఏళ్లు సరిపోలేదు. ఆ ఐదు రహస్యాల్లో ఖాతా పేరు కూడా ఒకటి కదా, చూశారా, ప్రాణం పెట్టి దాచుకున్నదే తప్పుల తడక!

నిన్నటి నాలుగో మనిషి చివరకి దారి చూపించాడు. పేరు మార్చమని అడిగితే వారాలు పడుతుంది కాబట్టి, మీ రికార్డులో ఉన్న ఆయనా నేనూ ఒక్కరమేనని ఒక ఉత్తరం రాసి సంతకం పెట్టాలట, దాని మీద మెడాలియన్ ముద్ర, అంటే ఈ సంతకం నాదేనని బ్యాంకు హామీ ఇచ్చే ముద్ర, వేయించాలట, నోటరీ పనికిరాదట. ఆదిశంకరులు కూడా జీవుడూ దేవుడూ ఒకటేనని చెప్పడానికి భాష్యాలు రాశారు గానీ, బ్యాంకుకి వెళ్లి ముద్ర వేయించుకోలేదు. పొద్దున్నే వెళ్లాను. ఆ ముద్ర వేసే ఆవిడ రెండు పేర్లూ చూసి, నన్ను చూసి, "వీళ్లలో మీరెవరు?" అంది.

ఉత్తరం, ముద్ర, అన్నీ దీంతో జతచేస్తున్నాను. ఇంకేదైనా తక్కువైతే ఫోన్ చేయండి, నెంబరు ఎలాగూ తమ దగ్గర భద్రంగా ఉంది.

ఇట్లు,
మీ రికార్డులోని ఆయన,
బయట ఉన్న నేను
(ఇద్దరం ఒక్కరమే)