అమ్మకు కీళ్లవాతం ఉంటే

అమ్మకో అమ్మమ్మకో కీళ్లవాతం ఉందన్న సంగతి ఆడపిల్లకు సంబంధం కుదిరేదాకా బయటకు పొక్కనివ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి. పెళ్లివారి దగ్గర దాచే ఆ మాటే డాక్టరు దగ్గర అన్నిటికన్నా ముందు చెప్పాలి.

ఈ కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదల కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొరపై దాడి చేసే జబ్బు. మగవాళ్లకన్నా ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది.

ఇందులో వంశం పాత్ర ఉన్నమాట నిజమే. ఒంట్లోని ప్రొటీన్ ముక్కలను తెల్లకణాలకు చూపించి, ఏది మనదో ఏది పరాయిదో తేల్చుకునేలా చేసేవి ఆరో క్రోమోజోమ్‌పై ఉన్న హెచ్ఎల్ఏ జన్యువులు. వాటిలో డీఆర్4 రకం ఈ రోగుల్లో ఎక్కువగా కనబడుతోందని పరిశోధకుడు పీటర్ స్టాస్ట్నీ 1978లోనే చూపించారు. తర్వాతి పరిశోధనల్లో మరెన్నో జన్యువులు బయటపడి, 2014 నాటికి జబ్బుతో ముడిపడిన జన్యుస్థానాలు 101కి చేరాయి. అయినా పెద్ద వాటా హెచ్ఎల్ఏదే.

ఇక కవలల సంగతి చూడండి. అచ్చంగా ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే రెండోవారికి వచ్చేది నూటికి దాదాపు 15 జంటల్లోనే. తల్లి నుంచి బిడ్డకు వచ్చేది ముప్పే తప్ప జబ్బు కాదు. ఆ ముప్పును పెంచేవాటిలో మనం ఆపగలిగింది పొగ. పొగ తాగేవారి ఊపిరితిత్తుల్లో కొన్ని ప్రొటీన్ల రూపు మారుతుంది. మారిన ముక్కలను ఈ హెచ్ఎల్ఏ రకాలు పట్టి చూపించడంతో వాటిపై యాంటీబాడీలు పుడతాయి. ముప్పు జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చి, పొగ కూడా తాగేవారిలో యాంటీబాడీలతో కూడిన కీళ్లవాతం ముప్పు, ఆ రెండూ లేనివారికన్నా 21 రెట్లు ఎక్కువని స్వీడన్ పరిశోధకులు 2006లో తేల్చారు.

కాబట్టి వేలు పోసి జన్యు పరీక్షలు చేయించుకుని టెన్షన్ పడాల్సిన పని లేదు. పొద్దున లేవగానే పిడికిలి బిగించలేకపోవడం, తడిబట్ట పిండలేకపోవడం, వేళ్ల కణుపులు వాచి ఆ బిగుతు గంట దాటినా వదలకపోవడం కనబడితే వెంటనే పరీక్షకు వెళ్లాలి. మొదటి కొద్ది నెలల్లోనే మెథోట్రెక్సేట్ వంటి మందులు మొదలుపెడితే కీళ్లు వంకర పోకుండా చాలావరకు కాపాడుకోవచ్చు. ఊళ్లో ఇచ్చే స్టెరాయిడ్ మాత్రకు నొప్పి తగ్గిందని ఊరుకుంటే ఆ నెలలు కాస్తా గడిచిపోతాయి. చేయి వంకర తిరిగాక పెద్దాసుపత్రికి వచ్చే తల్లులను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ పరీక్షలు చేసే ప్రభుత్వ కార్యక్రమం ఇప్పటికే ఉంది. అందులోనే పొద్దుటి బిగుతు గురించి ఒకటి, ఇంట్లో ఎవరికైనా కీళ్లవాతం ఉందా అని మరొకటి, రెండు ప్రశ్నలు చేర్చడానికి అదనపు ఖర్చేమీ ఉండదు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆ పని వెంటనే చేయాలి. జిల్లా ఆసుపత్రుల్లో, పైన చెప్పిన యాంటీబాడీలను రక్తంలో పట్టే యాంటీ సీసీపీ పరీక్ష ఉచితంగా చేయించి, వారానికి ఒక్కరోజైనా రుమటాలజీ డాక్టరు ఓపీ చూసే ఏర్పాటు చేయాలి.