ఉమ్మి చూసి మాత్రలా?

గొట్టంలో ఉమ్మి పోసి జన్యు పరీక్షల కంపెనీకి పంపితే చాలు, ‘మీ యాంటీఆక్సిడెంట్ జన్యువులు బలహీనం, క్యాన్సర్ ముప్పు ఎక్కువ’ అంటూ రంగుల రిపోర్టు ఫోన్‌లో వాలుతుంది. వెనకే యాంటీఆక్సిడెంట్ మాత్రల సీసా. బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు స్థిరపడిన మన ఉద్యోగుల భయమే ఈ సరుకుకు పెట్టుబడి. ఆ రిపోర్టులో శాస్త్రం కొంత ఉంది. సీసాలో లేదు.

కణాల్లోని శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియా పనిచేసేటప్పుడు సూపరాక్సైడ్ అనే హానికర ఆక్సిజన్ రూపం పుడుతుంది. ఎస్‌ఓడీ2 అనే ఎంజైము దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది, పేరుకుంటే అదీ హానికరమే. దాన్ని నీరుగా మార్చే పని కాటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే మరో రెండు ఎంజైములది. ఎస్‌ఓడీ2లో 16వ స్థానంలో కొందరికి వేలీన్, కొందరికి అలనీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఈ జన్యువు ప్రతులు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి. అలనీన్ రకం మైటోకాండ్రియాలోకి సులువుగా చేరుతుంది. అలాంటివారికి రక్షణ ఎక్కువుండాలి కదా! 1999లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో తేలింది దానికి తలకిందులు. రెండు వైపులా అలనీనే వచ్చిన మహిళల్లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది, అదీ పళ్లు, కూరగాయలు తక్కువ తినేవారిలో మరీ. మొదటి ఎంజైము జోరును తరువాతివి అందుకోలేక పెరాక్సైడ్ పేరుకుంటుందేమోనన్నది ఒక వివరణ. ఆపై వేలమందిని కలిపి చూసిన పరిశీలనల్లో ఆ సంబంధమూ దాదాపు కరిగిపోయింది. ఇన్ని మెలికలున్న సంగతికి ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు పెట్టి అమ్మడమేమిటి?

యాంటీఆక్సిడెంట్లుగా అమ్మే మాత్రల చరిత్ర ఇంకా చేదు. ఫిన్లాండ్‌లో 29 వేలమంది పొగతాగే మగవారిపై జరిపిన పరీక్షలో, బీటా కెరోటిన్ వాడినవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో వెల్లడైంది. విటమిన్-ఇ వాడినవారిలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని 2011లో అమెరికాలో మరో పెద్ద పరీక్ష తేల్చింది.

లోపముంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పును బాగా పెంచే బీఆర్‌సీఏ జన్యువుల మాట వేరు. ఇంట్లో చిన్న వయసులోనే రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చినవారు వైద్యుల సలహాతో ఆ పరీక్ష గురించి ఆలోచించాల్సిందే. దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టి భయపెట్టడం వ్యాపారమే.

అనంతపురం, మదనపల్లె నుంచి నోటి పుండుతో బెంగళూరులోని కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రి మెట్లెక్కే మనవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న జన్యువు గురించి కాదు. గుట్కా, ఖైనీ, బీడీ గురించి. ఉద్యోగుల ఆరోగ్య ప్యాకేజీలో ఈ ఉమ్మి పరీక్షను చేర్చే కంపెనీలు ఆ సొమ్ముతో నోటి పరీక్షల శిబిరాలు పెట్టించాలి, పొగాకు మాన్పించే కౌన్సెలర్లను నియమించాలి. జన్యు రిపోర్టు ఇచ్చే సంస్థే మాత్రలూ అమ్మే పద్ధతిని ప్రభుత్వం నిషేధించాలి.