మౌత్ కా కువాలో బండిని మోసేది అపకేంద్ర బలం కాదు

ఎగ్జిబిషన్లు మొదలయ్యాయంటే చాలు, ‘మౌత్ కా కువా’ (మృత్యుబావి) అనే గుండ్రటి బావిలాంటి నిలువు చెక్కగోడ మీద బైకు గిరగిరా తిరిగే వీడియో వాట్సాప్‌లో చక్కర్లు కొడుతుంది. దాని కింద రాసేది దాదాపు ఇదే: ‘వేగం వల్ల పుట్టే అపకేంద్ర బలం గురుత్వాకర్షణను రద్దు చేస్తుంది. అందుకే తేలిక బండ్లు వాడతారు. వేగం ఎంత పెంచితే అంత భద్రం. గోడ లేకపోతే బండి సూటిగా బయటికి ఎగిరిపోతుంది.’ మూడు మాటలు పూర్తిగా తప్పు, ఒకటి సగం తప్పు.

‘రద్దు చేస్తుంది.’ రెండు బలాలు రద్దవ్వాలంటే ఒకే గీత మీద ఎదురెదురుగా ఉండాలి. గురుత్వాకర్షణ నిలువునా కిందికి లాగుతుంది. బండితోపాటు తిరిగేవాడి లెక్కలో అపకేంద్ర బలం, అంటే కేంద్రం నుంచి బయటికి తోస్తున్నట్టు అనిపించే బలం, ఉందనే ఒప్పుకుందాం, అయినా అది అడ్డంగా, గోడ వైపుకే ఉంటుంది. అడ్డంగా తోసే బలం నిలువు బరువును మోయదు. మోసేది టైరుకూ చెక్కకూ మధ్య ఉన్న ఘర్షణ. బండి తిన్నగా పోవాలని చూస్తుంది, గోడ దాన్ని మధ్యకు నెడుతుంది. ఆ నెట్టడమే అభికేంద్ర బలం. గోడ ఎంత గట్టిగా నెడితే ఘర్షణ అంత బరువు మోయగలదు.

లెక్క చూద్దాం. బండీ మనిషీ కలిపిన గరిమనాభి (బరువంతా కేంద్రీకరించినట్టు లెక్కగట్టే బిందువు) 4.5 మీటర్ల వ్యాసార్థంలో తిరుగుతోందనుకోండి. జారకుండా ఉండాలంటే వేగం వర్గం కనీసం 4.5 × 9.8 ÷ ఘర్షణ గుణకం ఉండాలి (9.8 గురుత్వ త్వరణం; గుణకం అంటే టైరుకు చెక్క మీద ఎంత పట్టుందో చెప్పే అంకె). గుణకం 0.7 అయితే వర్గం 63, అంటే సెకనుకు దాదాపు 7.9 మీటర్లు, గంటకు 29 కిలోమీటర్లలోపే. చెక్క మీద దుమ్మో తేమో చేరి గుణకం 0.4కు పడిపోతే సెకనుకు 10.5 మీటర్లు, గంటకు 38 కిలోమీటర్లు కావాలి. గోడ శుభ్రంగా ఉందా లేదా అన్నదే ఇక్కడ ప్రాణం.

గురుత్వాకర్షణ రద్దు కాలేదనడానికి సాక్ష్యం ఆ వీడియోలోనే ఉంది. ఒకచోట ఆపి చూడండి: నడిపేవాడు నేలకు సమాంతరంగా ఉండడు, చక్రాలకన్నా తల కాస్త పైన ఉంటుంది. 10.5 మీటర్ల వేగంలో ఆ వాలు సుమారు 22 డిగ్రీలు. వేగం పెరిగేకొద్దీ వాలు తగ్గుతుంది, సున్నా మాత్రం కాదు.

‘తేలిక బండ్లు.’ పై లెక్కలో బరువు ఎక్కడైనా కనిపించిందా? బరువు పెరిగితే మోయాల్సిందీ, గోడ నెట్టే బలమూ అంతే పెరుగుతాయి కాబట్టి లెక్కలో అది రెండువైపులా కొట్టుకుపోయింది. కార్లూ అదే గోడ మీద తిరుగుతాయి.

‘ఎంత వేగమైతే అంత భద్రం.’ ఇందులో సగం నిజముంది, అందుకే ప్రమాదకరం. వేగం తగ్గితే నిజంగానే ముప్పు. సెకనుకు 8 మీటర్ల దగ్గర, గుణకం 0.7 అయినా, ఘర్షణ దాదాపు అంతా బరువు మోయడానికే ఖర్చవుతుంది. బ్రేకుకు మిగిలేది బరువులో ఐదో వంతు కూడా ఉండదు. అప్పుడు గట్టిగా బ్రేకు పట్టినా, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పినా టైరు జారుతుంది. అదే 10.5 దగ్గరైతే బరువుకు 1.4 రెట్లు మిగులుతుంది. అలాగని 15కు పోతే? గోడ నెట్టే బలం బరువుకు ఐదు రెట్లు దాటుతుంది. తల బావి మధ్యకూ కాళ్లు గోడ వైపుకూ ఉంటాయి కాబట్టి రక్తం కాళ్లలోకి దిగి చూపు మసకబారుతుంది, స్పృహ కూడా పోవచ్చు.

‘సూటిగా బయటికి ఎగిరిపోతుంది.’ గోడ మాయమైతే బండి ఆ క్షణాన పోతున్న దిక్కుకే, అంటే స్పర్శరేఖ వెంట పోతూ కిందికి వంగి పడుతుంది. కేంద్రం నుంచి బయటికి విసిరే బలమేదీ లేదు. బయటికి తోపుడు తినేది గోడ: 180 కిలోల బండీ మనిషీ 10.5 మీటర్ల వేగంలో తిరిగితే చెక్క మీద పడేది 450 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి, అదీ బండితోపాటు పలక నుంచి పలకకు మారుతూ. బావి చుట్టూ ఉక్కు తాళ్లు బిగించేది అందుకే.