రసీదు లేని మోక్షం

క్రైస్తవుడి కోణంలో భగవద్గీతను పరిశీలించే బరువైన బాధ్యతను నేను నెత్తికెత్తుకున్నాను. ఎవరూ అడగలేదు. నా అర్హతలు మనవి చేసుకుంటాను: నాన్న వైపు గుంటూరు లూథరన్లం, అమ్మ వైపు ఒంగోలు బాప్టిస్టులం. పైగా పన్నెండేళ్లు సంఘ కోశాధికారిగా చేశాను. మోక్షం గురించి మాట్లాడటానికి లెక్కలు తెలిసినవాడికంటే తగినవాడెవడు?

మా ప్రసంగాల్లో తరతరాలుగా నలుగుతున్న సిద్ధాంతం ఒకటుంది. హిందువులు క్రియల వల్ల మోక్షం సంపాదించుకోవాలని పాటుపడతారు, మనకు మాత్రం రక్షణ ఉచితం. ఆధారం ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం: కృపచేతనే రక్షింపబడియున్నారు, అది క్రియలవలన కలిగినది కాదు గనుక ఎవడును అతిశయపడ వీలులేదు. ఈ వచనం తప్పులేకుండా ఒప్పజెప్పినందుకు చిన్నప్పుడు నాకు సండే స్కూల్లో మొదటి బహుమతి వచ్చింది. ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ మా ముందు గదిలో, వచ్చినవాళ్లకు ఎదురుగా కనపడేటట్టు వేలాడుతోంది.

కనుక గీతను ఖండించడం అరగంట పని అనుకున్నాను. దాన్ని చదవాలన్న దుర్బుద్ధి పుట్టకపోతే అరగంటలో అయిపోయేది కూడా.

రెండో అధ్యాయం 47వ శ్లోకం దగ్గరే బండి ఆగింది. పని చేయడం వరకే నీకు అధికారం, ఫలాల మీద లేదు. ఇంతవరకూ అందరికీ తెలుసు. ఇంక్రిమెంటు ఎగ్గొట్టే ప్రతి మేనేజరుకూ నోటికి వచ్చు. కింది పంక్తి జోలికి ఎవరూ పోరు: ఫలానికి కారణం నువ్వేననుకోకు, అలాగని పని మానేసి కూర్చోకు. దేవుడి దగ్గర కూలి పద్దు రాసుకుంటున్నారని మేం ఎవరిని ఆడిపోసుకుంటున్నామో, వాళ్ల దేవుడు ఆ పద్దు పుస్తకాన్నే మూసేయమంటున్నాడు. మా వాదానికి ఇది ఏమాత్రం సహకరించే ధోరణి కాదు.

అయినా వదల్లేదు. బుధవారం ప్రార్థన కూటంలో ఒక ప్రయోగం చేశాను. పద్దెనిమిదో అధ్యాయం 66వ శ్లోకాన్ని, ఎక్కడిదో చెప్పకుండా, మా బైబిలు తెలుగులోకి మార్చి చదివాను: “సమస్త ధర్మములను విడిచి నన్ను మాత్రమే శరణు పొందుము, సర్వపాపములనుండి నేను నిన్ను విడిపించెదను, దుఃఖపడకుము.” నలుగురు ఆమెన్ అన్నారు. ఒక పెద్దమ్మ పైటచెంగుతో కళ్లొత్తుకుంది. సంఘ పెద్ద ఒకాయన కళ్లద్దాలు సర్దుకుని, “రోమా పత్రికే కదా బాబూ, ఎన్నో అధ్యాయం?” అన్నారు. చెప్పాను. ఆ తర్వాత రెండు నెలల దాకా నాకు వాక్యం చదివే వంతు రాలేదు.

దిక్కుతోచక మా వీధి చివర ఉండే సంస్కృతం మాస్టారి దగ్గరికి వెళ్లాను. శ్రీవైష్ణవులు, రిటైరై చాలాకాలమైంది. “మాస్టారూ, మీరు క్రియల్ని నమ్ముకున్నవాళ్లు కదా, మా కృప గురించి నాలుగు ముక్కలు చెబుదామని వచ్చాను” అన్నాను. “ముందు కూర్చో నాయనా. మేం క్రియల్ని నమ్ముకున్నామో లేదో మా ఇంట్లోనే ఇంకా తేలలేదు” అన్నారాయన. ఆ తగువు ఇది. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా కరుచుకోవాలి. పిల్లికూన చేయాల్సిందేమీ లేదు; తల్లే నోట కరుచుకుని ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకుపోతుంది. భగవంతుడి దగ్గర జీవుడు కోతిపిల్లలాంటివాడని వేదాంత దేశికుల వారి వడగలై పక్షం. కాదు, పిల్లికూనేనని పిళ్లై లోకాచార్యుల వారి తెంగలై పక్షం. శతాబ్దాలుగా వాదిస్తూనే ఉన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఇంట్లోనూ అచ్చం ఇదే రచ్చ. మార్టిన్ లూథర్ 1517లో మొదలుపెట్టాడు. ‘క్రియలు లేని విశ్వాసమును మృతము’ అన్న యాకోబు పత్రిక ఆయనకెంత గుచ్చుకుందంటే, 1522లో తన కొత్త నిబంధన అనువాదానికి రాసిన ముందుమాటలో దాన్ని గడ్డి పత్రిక అనేశాడు. మా పిల్లికూనల పక్షమూ, రోమన్ కాథలిక్కులూ కలిసి ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టేసరికి 1999 అక్టోబరు 31 వచ్చింది. 482 ఏళ్లు పట్టిందని చెబితే మాస్టారు నోరు తెరిచారు. “అంత తొందరగా ఎలా తేల్చేశారయ్యా!”

ఈ ఖండనల చరిత్రలో మా విజయాలు లేకపోలేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తిరుపతి లూథరన్ మిషన్ బడిలో చదివారు, వేలూరులో వూర్హీస్ కాలేజీలో చదివారు, ఆపైన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. మీ వేదాంతంలో నీతికి చోటెక్కడుందని అక్కడ వినిపించే విమర్శ ఆయనకు తగలాల్సిన చోట తగిలింది. 1908లో ఎం.ఏ. కోసం వేదాంతంలోని నీతి మీదే వ్యాసం రాశారు. దాన్ని మెచ్చుకున్నది ఆ కాలేజీ ప్రొఫెసరు, మిషనరీ ఎ.జి. హాగ్. బడి మాది, బెంచీ మాది, మార్కులు వేసిందీ మావాడే. చివరికి చేతికొచ్చిన పంట ఒక వేదాంతి. తెలుగు, తమిళ దేశాల్లో మిషన్లు చేసిన అతి పెద్ద నిష్కామకర్మ ఇదేనని నా దృఢ విశ్వాసం.

ఇక ఒంగోలు సంగతి. ఇక్కడ కాసేపు నవ్వు ఆపుకుంటాను, ఎందుకంటే ఇది మా అమ్మమ్మ వాళ్ల నాన్న కథ. 1876లో మొదలైన ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోతున్నప్పుడు, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మాదిగపల్లెల వాళ్లు వేలమంది పలుగూ పారా పట్టి, కూలి తీసుకుని బతికారు. వాళ్లలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగితే దొర ఇవ్వనన్నాడు. కరువు పని నడిచినంతకాలం ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారేమోనని అనుమానం. పని ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. అయినా ఈనాటికీ పెద్దమనుషులు నన్ను అడుగుతూనే ఉన్నారు: “అన్నం కోసమే కదండీ?” అడిగిన పెద్దమనిషి అప్పుడే అమ్మాయి వీసా కోసం మొక్కు చెల్లించి గుండుతో దిగుతుంటాడు.

ఆకలేసినవాడు దేవుణ్ణి అన్నం అడిగితే ఫలాపేక్ష. కడుపు నిండినవాడు మోక్షం అడిగితే ముముక్షుత్వం. ఈ నిఘంటువు ఎవరు రాశారో గానీ కృష్ణుడు మాత్రం రాయలేదు. ఏడో అధ్యాయంలో ఆయన తన్ను సేవించేవాళ్లు నాలుగు రకాలంటాడు: ఆపదలో ఉన్నవాడు, తెలుసుకోవాలనుకునేవాడు, డబ్బు కావాల్సినవాడు, జ్ఞాని. జ్ఞాని తనకు మరీ దగ్గరివాడంటూనే, వీళ్లందరూ ఉదారులే అని కూడా అంటాడు. మా క్లౌ దొర కంటే ఆయనే ఉదారంగా ఉన్నాడని బాప్టిస్టు రక్తం ఉండి కూడా ఒప్పుకోవాల్సి వస్తోంది.

పద్దుల విషయానికొద్దాం, అది నా రంగం. భద్రాచలం రామదాసు గుడి కట్టించి, గోల్కొండ చెరసాల్లో దెబ్బలు తింటూ, ఎవరికి ఏ నగ చేయించాడో, దానికెంతయిందో రాముడికి పాడి మరీ వినిపించాడు. అంతటి భక్తుడికే ఆడిటు తప్పలేదు. మేం మాత్రం ఉచిత రక్షణవాళ్లం కనుక ఇంకా శ్రద్ధగా ఉంటాం. మా సంఘంలో కృతజ్ఞతార్పణల జాబితా పెద్ద మొత్తంతో మొదలై చిల్లరతో ముగుస్తుంది. చిల్లర వచ్చేసరికి చదివేవారి గొంతు కూడా తగ్గుతుంది. నీ కుడిచెయ్యి చేయునది నీ యెడమచేతికి తెలియకయుండవలెను అన్న ప్రభువు మాటను అక్షరాలా పాటిస్తాం. కుడిచెయ్యి కవరు పెట్టెలో వేస్తుంది. ఎడమచెయ్యి మైకు పట్టుకునే పనిలో ఉంటుంది, దానికేం తెలుస్తుంది? కోత పండుగనాడైతే సాక్షాత్తూ ఫలాలే ఆవరణలో వేలానికొస్తాయి. ఒక గుమ్మడికాయ దగ్గర ఇద్దరు బావమరుదులు పోటీపడి దాన్ని కోడిపుంజు ధరకు తీసుకుపోయారు. కాయ ఎక్కడ కుళ్లిందో తెలీదు గానీ, ఓడినాయన మరుసటి ఏడు మేకపిల్లను తోలుకొచ్చాడు.

మాస్టారు ఇదంతా విని, “మీ ప్రభువు చివర్లో ఏదో పరీక్ష పెడతాడని విన్నాను. అందులో ఎవరు పాసవుతారయ్యా?” అన్నారు. మత్తయి 25 చెప్పాను. ఆకలిగా ఉంటే అన్నం పెట్టారు, చెరసాలలో ఉంటే చూడ్డానికొచ్చారు అని రాజు అంటే, నీతిమంతులు తెల్లబోయి “ప్రభువా, ఎప్పుడు?” అంటారు. “అంటే వాళ్లకు గుర్తులేదన్నమాట” అన్నారాయన. లేదన్నాను. లూకా పదిహేడులో కూడా, చెప్పినవన్నీ చేసిన తరువాత మేము నిష్‌ప్రయోజకులమైన దాసులమని చెప్పుకోమన్నాడని నేనే నోరు జారాను. ఆయన ఏమీ అనలేదు. కాఫీ ఇప్పించారు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. గుర్తులేనివాళ్లు కుడివైపుకి వెళ్లారు. నా దగ్గర పన్నెండేళ్ల రసీదు పుస్తకాలు, కౌంటర్ ఫాయిల్స్‌తో సహా, బీరువాలో సంవత్సరాలవారీగా ఉన్నాయి.

మా చర్చిలో నడిమి వరస మీది పంకా నాన్న ఇచ్చింది. మూడు రెక్కలు: ఒకదాని మీద ‘దాత’, రెండోదాని మీద ఇంటిపేరు, మూడోదాని మీద పేరు. రెగ్యులేటరు ఐదు మీద పెడితే గాలి బ్రహ్మాండంగా వస్తుంది గానీ పేరంతా ఒక తెల్లటి చుట్ట అయిపోతుంది. ఒకటి మీద పెడితే పేరు చదవొచ్చు, చెమట ఆరదు. నాన్న ఉన్నన్నాళ్లూ అది ఒకటి దాటలేదు. మొన్న ఆదివారం అయ్యగారు ఎఫెసీ రెండు, తొమ్మిది మీద ప్రసంగం అందుకుని, “ఎవడును అతిశయపడ” అన్నారో లేదో కరెంటు పోయింది. పంకాలన్నీ నెమ్మదించి, నెమ్మదించి ఆగాయి. జనం పాటల పుస్తకాలతో విసురుకుంటూ, తలలెత్తి ఒక్కొక్కటే చదువుకోసాగారు. నాన్న ఇంటిపేరులో ఒత్తు చెరిగిపోయిందని అప్పుడు చూశాను. ఈ వారం పెయింటర్ని పిలిపించాలి.