ఘాజీ ఫార్వర్డ్‌లో నిజమెంత?

డిసెంబర్ వచ్చిందంటే విశాఖ ఫోన్లలో ఘాజీ తేలుతుంది. ఈసారి మా మావయ్య పంపారు, కింద మూడు జెండాల బొమ్మలతో. అందులో ఉన్నది ఇంతే: "1971 డిసెంబర్ 4న పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ హార్బర్‌లోకి చొరబడింది. అక్కడే కాపు కాసిన విక్రాంత్ దాన్ని ముంచేసింది. దాన్ని వెంటాడి తరుముకొచ్చిన సబ్‌మెరైనే ఇప్పుడు బీచ్‌లో ఉన్న కురుసుర. ఆ విజయానికి గుర్తుగానే నేవీ డే. ఇదంతా ఒంటిచేత్తో నడిపిన అడ్మిరల్ కృష్ణన్‌కి ఒక్క పతకం కూడా ఇవ్వకుండా దేశం మరిచిపోయింది. నిజమైన భారతీయుడివైతే పదిమందికి పంపు."

నేను పంపలేదు. "ఏరా, నీకు ఊరి మీద అభిమానం లేదా?" అన్నారు మావయ్య. ఉంది కాబట్టే ఇది రాస్తున్నాను మావయ్యా.

ముందు విక్రాంత్ సంగతి. ఆ రాత్రి విక్రాంత్ విశాఖలో లేదు. ఈ కథకి ప్రాణం అక్కడే ఉంది, ఫార్వర్డ్ రాసినవాడు సరిగ్గా దాన్నే తీసి పారేశాడు.

అప్పటికి మనకున్న ఒకే ఒక్క విమాన వాహక నౌక అది. బాయిలర్‌లో పగులు వచ్చి, పూర్తి వేగంతో పోలేని స్థితి. సబ్‌మెరైన్ వెంటపడితే పరుగెత్తి తప్పించుకునే దారి లేదు. అటు పాకిస్తాన్ దగ్గర కరాచీ నుంచి బంగాళాఖాతం దాకా వచ్చి దాడి చేయగల సబ్‌మెరైన్ ఘాజీ ఒక్కటే. అది అమెరికా నౌకాదళంలో డయాబ్లో పేరుతో పనిచేసి 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చింది. 1971 నవంబర్ 14న కరాచీలో బయల్దేరింది. వేట విక్రాంత్ కోసమే.

తూర్పు నౌకాదళ అధిపతిగా ఇక్కడ కూర్చున్న వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ చేసింది రెండు పనులు. ఓడని అండమాన్ దీవుల చాటుకి పంపేశారు. అది విశాఖ దగ్గరే ఉందని లోకాన్ని నమ్మించారు. మొదటి పని ఏ అధికారైనా చేస్తాడు. రెండోదానికి వేరే రకం బుర్ర కావాలి.

ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అని ఒక పాత డిస్ట్రాయర్ రకం యుద్ధనౌక ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ సరుకు, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ ఓడ. దాని కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్‌ని పిలిచి, నువ్వే విక్రాంత్‌వి అనుకో అన్నారు. సముద్రంలోకి పోయి, అంత పెద్ద ఓడకి ఎంత వైర్‌లెస్ సందడి ఉంటుందో అంత సందడీ చేయమన్నారు. అందులోనే ఒక మామూలు టెలిగ్రామ్ కూడా పోయింది, రహస్య సంకేతాలేవీ లేకుండా. విక్రాంత్ నావికుడెవరో తన తల్లికి జబ్బుగా ఉందని, ఎలా ఉందో కనుక్కోమని అడిగినట్టు. కాంట్రాక్టర్లకి మాంసం, కూరగాయలు పెద్ద మొత్తంలో ఆర్డర్ వెళ్లింది. వందలమంది తినే తిండి అంటే ఏ ఓడ కోసమో చెప్పక్కర్లేదు. సరుకుల వాళ్ల నోటి నుంచి ఆ మాట ఎక్కడికి పోవాలో అక్కడికి పోతుందని ఆయన లెక్క.

యుద్ధం వేళ ఓడల ఊసు బజారులో ఎత్తితే నావికుడికి శిక్ష పడుతుంది. ఇక్కడ అధిపతే కావాలని వాగించాడు. నాకు ఈ భాగం ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. బీచ్ రోడ్డులో ఫిరంగులు పేల్చుకున్న కథ దీని ముందు చప్పగా ఉంటుంది.

"హార్బర్‌లోకి చొరబడింది" అన్న ముక్క విశాఖ వాడు రాసింది కాదని తెలిసిపోతోంది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్క నుంచి లోపలికి పోయే ఆ ఇరుకు కాలువ చూసినవాళ్లెవరూ అలా అనరు. ఘాజీ మునిగింది కాలువ బయట, సముద్రంలో. దాని శకలాలు ఇప్పటికీ అక్కడే అడుగున ఉన్నాయి.

మరి ముంచింది ఎవరు? ఇక్కడ కాస్త నిదానంగా నడవాలి. డిసెంబర్ 3 అర్ధరాత్రికి కాస్త ముందు రాజ్‌పుత్ మళ్లీ రేవు దాటింది, దారిచూపే దీపాలన్నీ ఆర్పేసి ఉన్నాయి. ఓడని కాలువ దాటించే పైలట్‌ని దింపేశాక, బయట సబ్‌మెరైన్ పొంచి ఉండొచ్చన్న అనుమానంతో ఇందర్ సింగ్ వేగం పెంచాడు. ముందు నీళ్లు అనుమానాస్పదంగా కదిలినట్టు కనిపిస్తే రెండు డెప్త్ చార్జీలు, అంటే నీళ్ల అడుగున పేలే బాంబులు, వేయించాడు. అర్ధరాత్రి దాటి పావుగంటకి పెద్ద పేలుడు. ప్రధాని ఇందిరా గాంధీ రేడియో ప్రసంగం కోసం మేలుకుని ఉన్న ఊరు అదిరిపడింది. ఆ తర్వాత జాలర్లు నీళ్ల మీద తేలుతున్న సామాను తెచ్చి ఇచ్చారు. డైవర్లు దిగి చూస్తే అది ఘాజీ. అందులో ఉన్న 90 మందికి పైగా ఒక్కరూ బతకలేదు.

ఇది కృష్ణన్ చెప్పిన కథనం, మన నౌకాదళం చెప్పే కథనం. పాకిస్తాన్ వైపు మాట వేరు: తాను పరిచిన మందుపాతరే పేలి ఘాజీ పోయిందంటారు. బ్యాటరీల దగ్గర చేరిన హైడ్రోజన్ పేలి ఉండొచ్చన్న వాదన మన నౌకాదళ నిపుణుల్లోనే ఉంది. అప్పట్లో సైన్యం తూర్పు కమాండ్‌లో చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న జనరల్ జేకబ్ అయితే ఇంకో అడుగు ముందుకేసి, జాలర్లు చెప్పేదాకా నౌకాదళానికి సంగతే తెలియదని, శకలాలు దొరికాయని కృష్ణన్ తనకు డిసెంబర్ 3 ఉదయమే ఫోన్ చేశారని చెప్పారు. అదే నిజమైతే రాజ్‌పుత్ బయల్దేరేసరికే ఘాజీ లేదు.

నా మట్టుకు నాకు ఆఖరి దెబ్బ ఎవరిదన్నది అంత పెద్ద ప్రశ్న కాదు. అంత దూరం నుంచి వచ్చిన ఘాజీని, లేని ఓడ కోసం విశాఖ ముంగిట కూర్చోబెట్టింది ఎవరన్నది ప్రశ్న. జేకబ్ చెప్పిందే నిజమైనా ఆ మాటకి వచ్చే లోటు లేదు. ఘాజీ ఇక్కడ ఎదురు చూసినంతసేపూ అసలు విక్రాంత్ అండమాన్ చాటున క్షేమంగా ఉంది, డిసెంబర్ 4 నుంచే తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీదికి విమానాలు పంపింది.

కురుసుర సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. అది రష్యన్ ఫాక్స్‌ట్రాట్ తరగతి సబ్‌మెరైన్, 1969 డిసెంబర్‌లో మన దళంలో చేరింది, 2001లో రిటైరైంది, 2002లో మ్యూజియం అయింది. 1971లో అది ఉన్నది అరేబియా సముద్రంలో. ఘాజీ మొహం కూడా చూడలేదు. టికెట్ కొనుక్కుని లోపలికి పోయినవాళ్లలోనే కొందరు "ఇదేనా పాకిస్తాన్ నుంచి పట్టుకున్నది?" అని అడగడం నేను చెవులారా విన్నాను. సబ్‌మెరైన్‌తో సబ్‌మెరైన్ పోరాడిన సినిమా ఒకటి వచ్చాక ఈ గందరగోళం ఇంకా ముదిరింది. సినిమాకి కల్పన హక్కు. ఫార్వర్డ్‌కి ఆ హక్కు ఎవరిచ్చారు?

నేవీ డేకి ఘాజీతో పని లేదు. అదే డిసెంబర్ 4 రాత్రి నిపత్, నిర్ఘాత్, వీర్ అనే మూడు చిన్న మిసైల్ బోట్లు కరాచీ దాకా వెళ్లి దాడి చేసి వచ్చాయి. పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్ ఆ దాడిలోనే మునిగింది. పండగ దాని గుర్తుగా. ఒకే తేదీ కావడంతో మన ఊరివాళ్లం కొంచెం మన వైపు లాక్కున్నాం, అంతే.

ఇక "ఒక్క పతకం కూడా లేదు" అన్న మాట. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే. 1919లో నాగర్‌కోయిల్‌లో పుట్టిన కృష్ణన్ రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో పర్షియన్ గల్ఫ్‌లో చూపిన తెగువకి డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ అందుకున్నారు. అప్పటికి ఆయనకి ఇరవై రెండేళ్లు. 1961లో డయ్యూ విముక్తి జరిగినప్పుడు అక్కడి కోట మీద గుళ్లు కురిపించిన ఐఎన్ఎస్ ఢిల్లీకి కెప్టెన్ ఆయనే. పరమ విశిష్ట సేవా పతకం వచ్చింది, 1971 యుద్ధం తర్వాత పద్మభూషణ్ వచ్చింది. రిటైరయ్యాక కొచ్చిన్ షిప్‌యార్డ్ పగ్గాలు చేతికొచ్చాయి. ఆ యుద్ధం గురించి స్వయంగా పుస్తకం రాసుకున్నారు, 1982లో కన్నుమూశారు. మరుగున పడ్డ మనిషి జీవితం ఇలా ఉంటుందా?

"ఒంటిచేత్తో" కూడా తప్పే. రాజ్‌పుత్‌లో ఇందర్ సింగ్, విక్రాంత్ మీద కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్, ఢిల్లీలో నౌకాదళాధిపతి అడ్మిరల్ నందా, ఇక్కడ పేర్లు బయటికి రాని డైవర్లు, జాలర్లు. తూర్పు నౌకాదళ కమాండ్ అప్పటికి 1968లో మొదలైన కొత్త కాపురం. చేతిలో ఉన్నవి పాత ఓడలు, కుంటి విక్రాంత్. ఉన్న కొద్ది సరంజామాని ఎవరికి ఎక్కడ అప్పగించాలో తెలియడమే ఆయన పనితనం.

ఇదంతా మావయ్యకి ఫోన్లో చెప్పాను. కాసేపు ఊరుకుని, "మరి ఆయన మొహం ఎవరూ ఎరగరు కదరా" అన్నారు. ఎరుగుదురు మావయ్యా, ఎవరని అడగలేదంతే. 1971 డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెడుతున్న ఫొటో మీ ఫోన్లోనే ఉంది, పోయిన డిసెంబర్‌లో మీరే నాకు పంపారు. కుర్చీల్లో మన జనరల్ అరోరా, నియాజీ. వెనక నిలబడ్డవాళ్లలో ఒకవైపు జేకబ్. ఎడమ చివర చూడండి, కృష్ణన్.