గీత పడ్డాకే తెలుస్తుంది మెగ్నీషియం మీది పూత సంగతి

మొన్న మా ఇంట్లో గీజర్ సర్వీసింగ్‌కు వచ్చిన కుర్రాడు కింది ప్లేటు విప్పి లోపలి నుంచి ఒక కడ్డీ లాగాడు. కొత్తలో బొటనవేలంత లావుండేది. ఇప్పుడు పురుగు తొలిచిన చెరకుగడలా అక్కడక్కడా గుంటలు పడి, ఒకచోట నడుమనున్న ఉక్కు తీగ కూడా బయటపడింది. "రాడ్డు అయిపోయింది సార్, ఇంకొన్నాళ్లు ఆగుంటే ట్యాంకే పోయేది" అన్నాడు. ఆ రాడ్డు మెగ్నీషియం. దాన్ని అందులో పెట్టేదే కరిగిపోవడానికి. బోరు నీళ్లు ట్యాంకు ఉక్కును కొరక్కుండా తాను ముందు బలవుతుంది.

అదే లోహంతో హెలికాప్టర్ గేర్‌బాక్సుల తొడుగులు, కార్ల స్టీరింగ్ చట్రాలు, ఖరీదైన కెమెరాల బాడీలు చేస్తున్నారు. కారణం బరువు. ఘన సెంటీమీటరు మెగ్నీషియం 1.74 గ్రాములు తూగుతుంది, అల్యూమినియం 2.7, ఇనుము 7.87. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఒక్కోదానిలో ఇంజిన్, గేర్‌బాక్సు తొడుగుల రూపంలో సుమారు 20 కిలోల మెగ్నీషియం ఉండేది. ఇంత తేలికైన లోహాన్ని ఇంజినీర్లు ఇప్పటికీ వెనకాముందాడుతూ వాడటానికి కారణం ఆ గీజర్ రాడ్డులోనే కనిపిస్తుంది, అది తుప్పు.

తుప్పు అని రాస్తున్నాను గానీ, నిజానికి తుప్పు ఇనుముకు పట్టేది. మెగ్నీషియానికి పట్టేది సున్నం రాలినట్టుండే తెల్ల పొడి. అయినా వాడుక మాటతోనే పోదాం.

అల్యూమినియం గాలి తగలగానే సన్నటి ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. ఆ ఆక్సైడ్ తాను పుట్టిన లోహం కంటే కాస్త ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి సందు మిగలదు. మెగ్నీషియం ఆక్సైడ్ తీరు ఇందుకు పూర్తిగా తలకిందులు. లోహం ఖాళీ చేసిన చోటులో 81 శాతమే నింపుతుంది. పొడుగాటి మనిషికి పొట్టి దుప్పటి కప్పినట్టన్నమాట, తల కప్పితే కాళ్లు బయట. తడి తగిలితే హైడ్రాక్సైడ్ పొర వస్తుంది గానీ, అది నిలబడాలంటే నీటి పీహెచ్ 11కు దగ్గరగా ఉండాలి. వాన నీరు, చెమట, సముద్రపు గాలి అంత క్షారంగా ఎక్కడుంటాయి?

అందుకే పూత వేస్తారు. చిక్కంతా పూతను పెయింటులా, పని ముగిశాక పూసే సోకులా చూడటంతోనే మొదలవుతుంది.

మన పెద్దవాళ్లకు పూత అంటే కళాయి. ఇత్తడి గిన్నెకు వేసిన తగరం అరిగితే పులుసు కిలుమెక్కేది. కళాయివాడు వీధిలోకి వచ్చేదాకా గిన్నెను అటకెక్కించేవాళ్లు. ఇత్తడి ఓపిగ్గా కూర్చునేది. ఇక ఇంటిమీది జింకు రేకు సంగతి చూడండి. దానిమీద గీత పడినా అక్కడి ఇనుము వెంటనే చెడదు, పక్కనున్న జింకు తాను కరిగి దాన్ని కాపాడుతుంది. ఏ లోహం ఎంత తేలిగ్గా కరుగుతుందో చెప్పే కొలత, ప్రామాణిక విద్యుత్ పొటెన్షియల్, ఇనుముకు మైనస్ 0.44 వోల్టులు, జింకుకు మైనస్ 0.76. ఈ నిచ్చెన మీద కింద ఉన్నది పైదాని కోసం కరుగుతుంది. మెగ్నీషియం ఉన్నది మైనస్ 2.37 దగ్గర. దానికంటే కింద ఉన్నవి సోడియం, కాల్షియం, లిథియం లాంటివి, పూతగా పనికిరానివి. అంటే మెగ్నీషియం కోసం బలయ్యే లోహం మరొకటి లేదు. దానిమీద నిచ్చెనలో ఎంతో పైనున్న నికెల్ పూత పూసి, అందులో సూదిమొనంత రంధ్రం మిగిలితే, పూత మొత్తం ఒకవైపు చేరి ఆ ఒక్క చుక్కను తొలిచేస్తుంది. అలాంటి పూత కంటే పూత లేకపోవడమే మేలు.

ఈ పాఠం 1907లోనే ఒక రోగి కాలి మీద బయటపడింది. బెల్జియం సర్జన్ అల్బిన్ లాంబోట్ విరిగిన కాలి ఎముకకు మెగ్నీషియం పట్టీ వేసి, బంగారు పూత ఉన్న ఉక్కు మేకులతో బిగించాడు. మెగ్నీషియం ఒంట్లో మెల్లగా కరిగిపోతుంది, మళ్లీ కోసి తీసే పని ఉండదని ఆయన ఆలోచన. ఎనిమిది రోజులకే పట్టీ ముక్కచెక్కలైంది, చర్మం కింద హైడ్రోజన్ వాయువు ఉబ్బింది. ఉక్కూ మెగ్నీషియమూ ఉప్పటి ఒంటి ద్రవాల్లో కలిస్తే అది బ్యాటరీయే. లోహం ఎంపికలో లాంబోట్ మరీ తప్పేం చేయలేదు, దాన్ని మేకులు ముంచాయి.

ఇంతకీ మెగ్నీషియం తుప్పు మీద గెలిచిన అతిపెద్ద పోరాటం పూతది కాదని నా అభిప్రాయం. అమెరికాలో డౌ కెమికల్ పరిశోధకులు 1942లో ప్రచురించిన ఫలితాలు అసలు దొంగను పట్టించాయి. లోహంలో కలిసిన ఇనుము, నికెల్, రాగి ఒక హద్దు దాటితే తుప్పు వేగం ఒక్కసారిగా ఎగబాకుతుంది. లోహం లోపలే లాంబోట్ మేకులు లెక్కలేనన్ని దాగి ఉన్నట్టు. ఆ లెక్కనే 1980లలో ఏజెడ్91డి అనే మిశ్రలోహం వచ్చింది. అందులో ఇనుము 0.005 శాతం మించకూడదు. ఉప్పు జల్లు పరీక్షలో అది పూత లేకుండానే మామూలు ఉక్కు కంటే మెరుగ్గా నిలిచింది. పోత పోసేటప్పుడు మూస నుంచో పనిముట్ల నుంచో ఇనుము కలిసిన ముక్కకు ఎంత మంచి పూత వేసినా అది పుచ్చుకర్రకు వార్నిష్ వేయడమే.

పూతల్లో అందరికంటే ఎక్కువకాలం ఏలింది క్రోమేట్, అంటే క్రోమియం రసాయనాల తొట్టిలో ముంచి వేసే పూత. దాని గొప్పతనం ఒప్పుకోవాలి. గీత పడితే పూతలో మిగిలి ఉన్న ఆరు సంయోజకత క్రోమియం తడితో పాటు అక్కడికి చేరి, చర్య జరిపి, మళ్లీ పొర కడుతుంది. పుండు తనంతట తాను మానినట్టు. కానీ అదే క్రోమియం క్యాన్సర్ కారకం. యూరప్‌లో 2017 సెప్టెంబరు 21 నుంచి అలాంటి క్రోమియం ఉండే క్రోమియం ట్రైఆక్సైడ్‌ను ప్రత్యేక అనుమతి లేకుండా వాడకూడదు. మనకు అంత దూరం వెళ్లక్కర్లేదు, చిత్తూరు దాటితే తమిళనాడులోని రాణిపేట. అక్కడ 1990లలో మూతపడిన క్రోమేట్ రసాయనాల ఫ్యాక్టరీ లక్ష టన్నులకు పైగా వ్యర్థాన్ని వదిలిపోయింది, చుట్టుపక్కల భూగర్భజలం చెడింది. ఆ సరుకు ప్రధానంగా తోళ్ల శుద్ధికే వెళ్లింది, మెగ్నీషియం ఖాతాలో వేయలేం. అయినా చౌకగా దొరుకుతోందని క్రోమేట్ తొట్టిని పట్టుకు వేలాడేవాళ్లు ఒకసారి ఆ గుట్ట చూసి రావాలి.

దాని స్థానంలోకి వస్తున్నవాటిలో నన్ను బాగా ఆకట్టుకునేది మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్. ముక్కను క్షార ద్రావణంలో ముంచి కొన్ని వందల వోల్టులు ఎక్కిస్తే ఉపరితలమంతా సన్నటి నిప్పురవ్వలు పరుగులు తీస్తాయి. రవ్వ పుట్టిన ప్రతిచోటా లోహం క్షణంలో కరిగి, ఆక్సైడై, గట్టిపడుతుంది. పైనుంచి అంటించింది కాదు కాబట్టి పెచ్చులుగా ఊడదు. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ ఏళ్లుగా ఈ పద్ధతి మీద పనిచేస్తోంది. అయితే రవ్వ వెళ్లినచోట రంధ్రం మిగులుతుంది. మైక్రోస్కోపు కింద ఆ పొర పెనం మీది అట్టులా చిల్లులు చిల్లులుగా ఉంటుంది. అరుగుదలను బాగా తట్టుకుంటుంది గానీ, ఆ చిల్లుల్ని రెసిన్‌తోనో మరోదాంతోనో పూడ్చకపోతే ఉప్పు నీరు దారి వెతుక్కుంటుంది. పైగా క్రోమేట్‌లా తనంతట మానదు. జర్మనీ శాస్త్రవేత్తలు 2016లో ఒక దారి చూపించారు. కరిగిన ఇనుము మళ్లీ మెగ్నీషియం మీద పేరుకుని తుప్పును ఎగదోస్తుంది కాబట్టి, ఆ ఇనుమును పట్టి కట్టేసే రసాయనాలు వాడితే తుప్పు నెమ్మదిస్తుందని. మళ్లీ అదే దొంగ.

గుండె రక్తనాళాల్లో వేసే కరిగే మెగ్నీషియం స్టెంటుకు 2016లో యూరప్ అనుమతి వచ్చింది. అక్కడ పాలిమర్ పూత కూడా కరిగేదే. లాంబోట్ కోరిక వందేళ్లకు తీరింది, అదీ మేకులు లేకుండా.

పూతలు అమ్మేవాళ్ల కరపత్రాల్లో మాత్రం ఇప్పటికీ ఒకటే అంకె, ఉప్పు జల్లును ఇన్ని గంటలు తట్టుకుందని. ఆ పరీక్ష 1939 నాటిది. 35 డిగ్రీల వేడిలో 5 శాతం ఉప్పు నీరు ఆపకుండా జల్లుతారు. విశాఖ బీచ్ రోడ్డులో నిలిపిన బండి తడుస్తుంది, ఆరుతుంది, మళ్లీ తడుస్తుంది. ఆరినప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చేరి కొంత రక్షణ పొర కూడా కడుతుంది. పెట్టెలో ఇదేమీ జరగదు. అన్నిటికీ మించి, పెట్టెలోకి వెళ్లే నమూనా పలక సాధారణంగా నున్నగా ఉంటుంది, బోల్టూ లేని, గీతా లేని ముక్క. అసలు బండిలో తుప్పు మొదలయ్యేది ఆ రెండు చోట్లే.

కొనేవాడి కుర్చీలో నేనుంటే గంటల లెక్క రెండోసారి అడగను. పూత వేసిన ముక్క మీద కత్తితో లోహం తగిలేదాకా అడ్డంగా ఒక గీత గీయమంటాను. ఒక మూల ఉక్కు బోల్టు నేరుగా, ఇంకో మూల ఉక్కు నేరుగా తగలకుండా మధ్యన అల్యూమినియం వాషర్ వేసి బిగించమంటాను. రోజూ తడిపి, ఆరబెట్టి, నెల తర్వాత రెండు బోల్టుల చుట్టూ తెల్ల పొడి ఎన్ని మిల్లీమీటర్లు పాకిందో స్కేలు పెట్టి కొలుస్తాను.