జకార్తాలో చూడటానికి ఏమీ లేదన్న మాట తప్పు

బాలీ ప్రయాణం గురించి ఎవరు అడిగినా ఒక సలహా వెంటనే వచ్చి పడుతోంది. వాట్సాప్ గ్రూపుల్లోనూ, ట్రావెల్ వీడియోల్లోనూ మాటల్లో కాస్త తేడాతో అదే తిరుగుతోంది: “జకార్తాలో ఆగకండి. అది డచ్చివాళ్ళు కట్టిన ఊరు, అంతకు ముందు అక్కడ చరిత్రే లేదు. మన సంస్కృతి ఆనవాళ్ళు మచ్చుకైనా ఉండవు. పాత ఊరంటే ఒక మైదానం, నాలుగు కేఫ్‌లు. రోజంతా ట్రాఫిక్‌లోనే పోతుంది. పైగా ఊరు మునిగిపోతోంది, రాజధానిని కూడా అక్కణ్ణుంచి తీసేశారు.”

ట్రాఫిక్ గురించి, మునక గురించి చెప్పినదాంట్లో కొంత నిజముంది. మిగతాది తప్పు. ఈ సలహా నమ్మి ఎంతోమంది అక్కడ విమానం మారి వెళ్ళిపోతున్నారు. అది చూస్తే నాకు బాధేస్తుంది. ఎందుకంటే ఆ ఊరి చరిత్రలో మన తీరానికీ భాగముంది. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు డచ్చివాళ్ళ సంగతి. 1619 మే 30న డచ్చి ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్స్‌జూన్ కూన్ దాడి చేసేసరికి అక్కడ జయకర్తా అనే ఊరు ఉంది. దాన్ని తగలబెట్టించి, ఆ చోటే బటావియా కట్టించాడు. జయకర్తా కూడా మొదటి ఊరు కాదు. 1527లో జావాలోని డెమాక్ సుల్తాను తరఫున వచ్చిన ఫతహిల్లా ఆ రేవును గెలిచాక పెట్టిన పేరు అది. జకార్తా ఇవాళ్టికీ జూన్ 22నే పుట్టినరోజు చేసుకుంటోంది, 2027కి 500 ఏళ్ళు. అంతకు ముందు దాని పేరు సుండ కెలాపా. సుండ హిందూ రాజ్యానికి మిరియాల రేవు. 1522లో సుండ రాజు పోర్చుగీసువాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు. అందుకు గుర్తుగా పాతిన రాయి 1918లో, పాత ఊళ్ళో ఇల్లు కట్టడానికి పునాది తవ్వుతుంటే బయటపడింది.

ఇంకా వెనక్కి వెళ్దాం. జకార్తా ఉత్తరపు అంచున తుగు అనే చోట కోడిగుడ్డు ఆకారంలో పెద్ద బండరాయి ఒకటి దొరికింది. దాని చుట్టూ పల్లవ లిపిలో అయిదు వరుసల సంస్కృత శాసనం. తారుమానగర రాజు పూర్ణవర్మ తన ఏలుబడి 22వ ఏట వేయించింది. లిపిని బట్టి 5వ శతాబ్దం అంటారు. అంటే ఇక్కడ వేంగిలో శాలంకాయనుల కాలానికి కాస్త అటూ ఇటూగా అన్నమాట. పూర్ణవర్మ గోమతి అనే కాలువ తవ్వించాడనీ, దాని పొడవు 6,122 ధనుస్సులనీ, పని 21 రోజుల్లో పూర్తయిందనీ, బ్రాహ్మణులకు వెయ్యి గోవుల్ని దానమిచ్చాడనీ అందులో ఉంది. చంద్రభాగ అనే ఇంకో కాలువ అంతకు ముందే తవ్వి ఉంది.

ఆ శాసనంలో నన్ను పట్టేసింది తిథుల లెక్క. పని మొదలుపెట్టింది ఫాల్గుణ బహుళ అష్టమి నాడు, ముగిసింది చైత్ర శుద్ధ త్రయోదశి నాడు. అష్టమి నుంచి అమావాస్య దాకా ఎనిమిది, పాడ్యమి నుంచి త్రయోదశి దాకా పదమూడు, మొత్తం ఇరవై ఒకటి. నెల అమావాస్యతో ముగిసే మన పంచాంగం పద్ధతిలో లెక్కేస్తేనే ఈ అంకె కుదురుతుంది. ఉత్తరాదిలోలా పౌర్ణమితో నెల మారితే కుదరదు. మనం ఉగాది చేసుకునే పాడ్యమి ఆ కాలువ పని నడుమ వచ్చింది. వరద నీటిని మళ్ళించడానికే తవ్వించి ఉంటాడని పండితుల్లో చాలామంది అభిప్రాయం. జకార్తా ఈనాటికీ వరద కాలువలతోనే కుస్తీ పడుతోంది. పదిహేను వందల ఏళ్ళుగా ఒకే సమస్యతో బతుకుతున్న నేలను పట్టుకుని “చరిత్ర లేదు” అనడం ఎంత అన్యాయం!

“మన సంస్కృతి ఆనవాళ్ళు లేవు” అన్నదానికి ఆ రాయే సగం జవాబు. అది మోనాస్ అనే స్మారక స్తంభం ఉన్న మైదానం పక్కనే ఉన్న జాతీయ మ్యూజియం సొత్తు. పోర్చుగీసు రాయి కూడా అక్కడిదే. 1778లో డచ్చి పండితులు పెట్టుకున్న సంఘం సేకరణతో మొదలైన మ్యూజియం అది. ఇప్పుడున్న భవనం 1868లో తెరిచారు. ముందు నిలబెట్టిన కంచు ఏనుగు 1871లో సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజు చూలాలోంగ్‌కోర్న్ ఇచ్చిన కానుక. జావా అంతటి నుంచి చేర్చిన గణపతులు, శివులు, విష్ణువులు, బుద్ధులు ఉన్నారు. సుమత్రాలో దొరికిన భైరవ విగ్రహం 4 మీటర్ల పైచిలుకు ఎత్తుతో పుర్రెల మీద నిలబడి ఉంటుంది. 13వ శతాబ్దపు ప్రజ్ఞాపారమిత విగ్రహాన్ని నెదర్లాండ్స్ ఎన్నో ఏళ్ళు తన దగ్గర ఉంచుకుని 1978లో తిరిగి ఇచ్చింది. 2023లో సింగసారి అనే పాత జావా రాజ్యపు విగ్రహాలు నాలుగింటితో పాటు వందల వస్తువులు వెనక్కి వచ్చాయి. అదే ఏడు సెప్టెంబరులో మ్యూజియంలో మంటలు లేచి కొంత భాగం దెబ్బతింది, మరుసటి ఏడు అక్టోబరులో మళ్ళీ తెరిచారు. బోరోబుదూరు, ప్రంబనన్ లాంటి గుడి జకార్తాలో లేదు. అది ఒప్పుకుంటాను. అయితే ఆ గుళ్ళ కాలపు శిల్పాల్ని ఇంత దగ్గరగా, ఇన్నిటిని ఒక్కచోట చూసే వీలు బాలీలో దొరకదు.

మ్యూజియం నుంచి బయటికొచ్చి దక్షిణంగా నాలుగడుగులు వేస్తే రోడ్డు మధ్యలో గుర్రాల రథం. తోలేది కృష్ణుడు, విల్లు ఎక్కుపెట్టింది అర్జునుడు. శిల్పి న్యోమన్ నువార్తా 1987లో చేశాడు. ప్రపంచంలో ముస్లింలు అత్యధికంగా ఉన్న దేశపు రాజధాని నడిబొడ్డున, అధ్యక్ష భవనం ఉన్న మైదానం మూలనే ఉంది అది.

అదే మైదానానికి ఇంకో మూలన ఇస్తిక్లాల్ మసీదు. ఆగ్నేయాసియాలో అంత పెద్ద మసీదు ఇంకోటి లేదు. గుమ్మటం అడ్డకొలత 45 మీటర్లు, స్వాతంత్ర్యం వచ్చిన ఏడుకి గుర్తుగా. దాన్ని గీసిన ఫ్రెడరిక్ సిలబాన్ క్రైస్తవుడు. రోడ్డుకి అవతల 1901 నాటి కేథడ్రల్. ఈ రెంటినీ కలుపుతూ రోడ్డు కింద సొరంగ మార్గం తవ్వారు, 2024లో పోప్ ఫ్రాన్సిస్ వచ్చినప్పుడు అక్కడికి వెళ్ళారు. సంస్కృతి అనే మాటలో ఇదంతా చేరదా?

ఇక “ఒక మైదానం, నాలుగు కేఫ్‌లు” అన్న పాత ఊరు, కోతా తువా. ఇక్కడే నాకు ఎక్కువ కోపం వస్తుంది.

ఆ మైదానం ముందున్న తెల్ల భవనం 1710లో పూర్తయిన బటావియా నగర సభ. ఇప్పుడు జకార్తా చరిత్ర మ్యూజియం. దాని కింద చెరసాలలు ఉన్నాయి, లోపల మనిషి నిటారుగా నిలబడలేడు. ఖైదీల కాళ్ళకు కట్టిన ఇనుప గుండ్లు ఇంకా అక్కడే పడున్నాయి. డచ్చివాళ్ళ మీద అయిదేళ్ళు యుద్ధం చేసిన దిపొనెగోరో రాకుమారుణ్ణి 1830లో ప్రవాసం పంపే ముందు ఈ భవనంలోనే బంధించారు. మరణశిక్షలు అమలు చేసింది ఆ మైదానంలోనే. 1740 అక్టోబరులో బటావియాలోని చైనావాళ్ళ మీద జరిగిన ఊచకోతలో పది వేల మంది చనిపోయారని అంచనా. బతికిన వాళ్ళను గోడల బయటికి తోసేశారు. వాళ్ళు స్థిరపడిన చోటే గ్లోడొక్, ఇవాళ్టి చైనా టౌన్. పాత మైదానం నుంచి నడిచి వెళ్ళొచ్చు. అక్కడి ధర్మభక్తి విహారం 1650 నాటిది, 2015లో అగ్నిప్రమాదం జరిగినా పూజలు ఆగలేదు.

మైదానానికి పడమటి వైపున్నది వయాంగ్ మ్యూజియం, అంటే తోలుబొమ్మల మ్యూజియం. రాముడు, హనుమంతుడు, భీముడు అందరూ వరసగా ఉంటారు. మన నిమ్మలకుంట బొమ్మలు చూసిన కళ్ళతో చూడండి, ఆ చెక్కుడు పనిలో పోలికా తేడా రెండూ తెలుస్తాయి. అది పాత డచ్చి చర్చి ఉన్న స్థలం. జయకర్తాను తగలబెట్టించిన కూన్‌ను పూడ్చింది అక్కడేనని చెప్పే ఫలకం లోపల ఉంది.

ఇప్పుడు మన తీరం సంగతి. డచ్చి కంపెనీకి ఆసియా మొత్తానికీ ముఖ్య కార్యాలయం బటావియా. మచిలీపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నంలో దానికి వర్తక కోఠీలు ఉండేవి. మన నేతగాళ్ళు నేసిన, అద్దకం వేసిన బట్టలు ఓడలెక్కి వెళ్ళేవి. తూర్పు దీవుల్లో జాజికాయ, లవంగం కొనడానికి డబ్బు కన్నా ఆ బట్టే ఎక్కువ పనికొచ్చేది. బట్టలే కాదు, మనుషులూ వెళ్ళారు. కరువు ఏళ్ళలో కోరమాండల్ తీరంలో మనుషుల్ని కొని ఓడలెక్కించారు. 17వ శతాబ్దం చివరికి బటావియా గోడల లోపల ఉన్న జనంలో సగం దాకా బానిసలే. ఇండియా తీరాల నుంచి వచ్చి, పోర్చుగీసు మాట్లాడుతూ, విడుదల పొందిన వాళ్ళను మార్డైకర్లు అనేవారు. వాళ్ళ సంతతి ఇంకా ఆ తుగులోనే, పూర్ణవర్మ రాయి దొరికిన తుగులోనే ఉంది. అక్కడి 18వ శతాబ్దపు చర్చి, వాళ్ళ క్రొంచొంగ్ పాటలు నేటికీ నిలిచి ఉన్నాయి. భీమిలిలో డచ్చి సమాధుల దగ్గర ఫొటోలు దిగే మనం, ఆ కంపెనీ ఉత్తర్వులు వెలువడిన ఊరికి వెళ్ళి “ఏముంది ఇక్కడ” అనకూడదు.

ట్రాఫిక్ మాట నిజమే. సాయంత్రం వాన పడిందంటే కారులో కదల్లేం. అయితే కారే ఎందుకు? ట్రాన్స్‌జకార్తా బస్సులకు 2004 నుంచి విడి దారి ఉంది. మొదట వేసిన లైను బ్లాక్ ఎం నుంచి కోతా దాకా, మ్యూజియం, మోనాస్, గ్లోడొక్ మీదుగానే పోతుంది. టికెట్ ఎన్నో ఏళ్ళుగా 3,500 రుపియాలు, మన డబ్బులో ఇరవై రూపాయల దగ్గర. డబ్బు తీసుకోరు, కార్డు కొనుక్కోవాలి. 2019 నుంచి మెట్రో కూడా నడుస్తోంది, ఇంకా పాత ఊరి దాకా చేరలేదు.

మునక కూడా నిజమే. కాకపోతే ఊరంతా ఒక్కలా కుంగడం లేదు. ఉత్తరాన సముద్రం పక్కనున్న ముఆరా బారు, ప్లుయిట్ లాంటి చోట్ల నేల దారుణంగా కుంగింది. ముఆరా బారులో గోడకి అవతల నీళ్ళలో నిలిచిపోయిన మసీదు ఉంది. సముద్రం పెరగడం కన్నా పెద్ద కారణం బోర్లు. కుళాయి నీళ్ళు చాలక ఇళ్ళు, హోటళ్ళు, ఫ్యాక్టరీలు దశాబ్దాలుగా భూగర్భ జలాన్ని తోడేశాయి. టోక్యో కూడా ఇలాగే కుంగింది. బోర్లను కట్టడి చేశాక ఆగింది. కోటి మందికి పైగా బతుకుతున్న ఊరి కష్టాన్ని “వెళ్ళకండి” అనడానికి సాకుగా వాడటం నాకు నచ్చదు.

రాజధాని విషయం చట్టంలో స్పష్టంగా ఉంది. బోర్నియో దీవిలోని కాలిమంతాన్‌లో నుసంతరా అనే కొత్త రాజధాని కట్టాలని 2022లో చట్టం చేశారు. అధ్యక్షుడి ఉత్తర్వు వెలువడే దాకా రాజధాని జకార్తానే అని 2024 చట్టం చెబుతోంది. రేపు మారినా మోనాస్ గానీ, మ్యూజియం గానీ, 1945 ఆగస్టు 17 స్వాతంత్ర్య ప్రకటన రాసిన జపాన్ నౌకాదళ అధికారి మయెదా ఇల్లు గానీ ఎక్కడికీ పోవు.

రెండు రోజులు పెట్టుకుంటే చాలు. ఒక రోజు మ్యూజియం, మోనాస్, ఇస్తిక్లాల్, మయెదా ఇల్లు. ఇంకో రోజు కోతా తువా, గ్లోడొక్, కొయ్య ఓడలు ఇంకా సరుకు ఎక్కించుకుంటున్న సుండ కెలాపా రేవు. సోమవారం మ్యూజియాలు మూసి ఉంటాయి, తేదీలు చూసుకుని టికెట్లు బుక్ చేసుకోండి.